నాలుగు నిమిషాలంటే ఎనిమిది కూతలు

పోయిన శుక్రవారం పొద్దున మా కంపెనీ బస్సు పటాన్‌చెరు దాటి బొల్లారం వైపు మళ్లుతుండగా, బడి పాత విద్యార్థుల గ్రూపులో పాస్టర్ అయ్యగారి మెసేజి వచ్చింది. మా డ్రిల్లు సారు ప్రభువు నందు నిద్రించారని. తెల్లవారాక నడకకు వెళ్లొచ్చి, చాయ్ తాగి, కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ అలాగే ఒరిగిపోయారట. డెబ్బై రెండేళ్లు. నిద్ర అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఆరేళ్లు ఆయన చేతి కింద ఆడిన నేను, ఆయన కూర్చోగా చూసిందే తక్కువ.

ల్యాబులో పొద్దుటి శాంపిళ్లు ఎలా చేశానో గుర్తు లేదు. మధ్యాహ్నం భోజనాల వేళ, అక్కడ తెల్లవారి ఉంటుందని లెక్క చూసుకుని లీనాకు ఫోన్ చేశాను. లీనా మా బడిలో రెండేళ్లు నాతో కలిసి ఆడిన లాట్వియా అమ్మాయి. ఇప్పుడు యూరప్‌లో బాస్కెట్‌బాల్ ఆడటమే ఆమె ఉద్యోగం. విషయం చెప్పాను. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత తెలుగులోనే అడిగింది.

“బూట్లు రెండూ విప్పిండా?”

“ఒకటే విప్పిండంట.”

“ఇంకోటి ఏసుకొనే పోయిండు,” అని ఏడుస్తూనే నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. సారు గురించి రాయాలని కూర్చుంటే ఆ నవ్వు దగ్గరి నుంచే మొదలుపెట్టాలనిపించింది.

సారు అసలు కబడ్డీ మనిషి. కుర్రతనంలో జిల్లా జట్టుకు ఆడారు. బాస్కెట్‌బాల్ జీవితంలో ఎన్నడూ ఆడలేదు. ఒక ఫ్యాక్టరీ వాళ్లు మా బడికి రెండు ఇనుప స్తంభాలూ రింగులూ ఇచ్చి, సిమెంటు నేల పోయించి వెళ్లారు. ఆడపిల్లల జట్టు తయారు చేయమని హెడ్ మిస్ చెప్పారు. సారు ఎక్కడి నుంచో రూల్సు పుస్తకం తెచ్చుకుని, వారం రోజులు వేపచెట్టు కింద నిలబడి చదివారు. ఎనిమిదో రోజు మమ్మల్ని వరుసలో నిలబెట్టారు.

“బంతి సంగతి తర్వాత. ముందుగాల కాళ్లు. ఏ ఆటైనా కాళ్లతోనే ఆడుతరు. చేతులు ఊకె సాయం పోతయి.”

ఆ మాట ప్రకారం నెల రోజులు మమ్మల్ని బంతి ముట్టనివ్వలేదు. సోమవారం సోమవారం ఆయనే ముగ్గుపిండితో కోర్టు గీతలు పోసేవారు. ఈల వాడేవారు కాదు, రెండు చప్పట్లు కొట్టేవారు. ఈల ఎందుకు వేయరని అడిగితే, “ఈలకు తొవ్వల పోయే ఆటోలు గూడ ఆగుతయి. నా చప్పుడుకు మీరు ఆగాలె,” అన్నారు. ఆట అయ్యాక ఒక్కొక్కరి చేతిలో గుప్పెడు పల్లీలు, చిన్న బెల్లం ముక్క పెట్టేవారు. గెలిచిన రోజు, ఓడిన రోజు, వాన వచ్చి ఆట ఆగిన రోజు అన్న తేడా లేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా లీనా వచ్చింది. వాళ్ల నాన్న బొల్లారంలో మందుల ఫ్యాక్టరీకి కొత్త మిషన్లు బిగించడానికి వచ్చిన ఇంజనీరు. అమీన్‌పూర్‌లో అపార్ట్‌మెంటు తీసుకున్నారు. సిటీలోని పెద్ద బడికి పోవాలంటే పోనూ రానూ మూడు గంటలు. వాళ్లమ్మ ఆదివారం మా చర్చికి వచ్చేది. అక్కడ హెడ్ మిస్‌తో మాటా మాటా కలిసి, కూతుర్ని మా బడిలోనే చేర్చింది.

పద్నాలుగేళ్లకే మా సార్లందరికంటే పొడుగు. ఆ పొడుగును దాచుకోవాలని భుజాలు ముందుకు వేసుకుని, మెడ దించుకుని నడిచేది. ఆటలంటే భయం. పరుగెత్తితే తన కాలు తనకే అడ్డం పడేది. సారు మొదటి రోజు ఆమెను రింగు కింద నిలబెట్టి, “ఏ ఊరు బిడ్డా?” అని అడిగారు.

“లాట్వియా.”

“లాతూరా? గదెంత దూరం, జహీరాబాద్ దాటితే వచ్చె. మా చిన్నమ్మను అటే ఇచ్చిన్రు.”

మేమంతా విరగబడి నవ్వాం. లీనాకు ఏమీ అర్థం కాకపోయినా అందరితో పాటు నవ్వింది. ఈ ఊళ్లో ఆమె నవ్వగా మేం చూడటం అదే మొదలు. ఆ రోజు నుంచి ఆమె మాకు లాతూరు పిల్ల.

సారుకు ఇంగ్లీషు మాట్లాడే ఓపిక లేదు. ఆమెతో తెలుగే మాట్లాడేవారు, అదీ మాతో మాట్లాడినట్టే. ఆమె ఆ తెలుగే నేర్చుకుంది. అందుకే లీనాకు ‘మీరు’ అనడం రాలేదు. సారును కూడా “నువ్వు రా, నువ్వు సూడు” అనేది. హెడ్ మిస్ కంగారుపడితే సారు చేయి అడ్డం పెట్టారు. “నేను అన్నదే అంటున్నది మేడం. పిల్ల తప్పేమున్నది?”

ఆమెను ఆయన సిమెంటు కోర్టు మీదకు రానివ్వలేదు. వెనకాల మట్టిని గుల్ల చేయించి, కబడ్డీ బరిలో దింపారు. ఒక కాలు ముందుకు జాపడం, ఎదుటి మనిషి అటు కదలగానే ఆ కాలిని వెనక్కి లాక్కుని రెండో పక్క నుంచి దూరడం. రోజూ సాయంత్రం అదే. పడేది, లేచేది, తెల్లటి మోకాళ్లు ఎర్రమట్టి రంగుకు వచ్చేవి. “నడుము నిలబెట్టు బిడ్డా. నీకు దేవుడిచ్చిన ఎత్తును నువ్వే కోసుకుంటె ఎట్ల?” అనేవారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. జట్టుకు కెప్టెన్‌ని నేను. అప్పటిదాకా సారు కన్ను నా మీదే ఉండేది. లీనా వచ్చాక అది పక్కకు జరిగిందని నాకు కడుపుమంట. సంగారెడ్డిలో బడుల పోటీ ఫైనల్‌లో చివరి క్షణాల్లో మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి నా చేతిలో ఉంది. లీనా రింగు కిందే చేయి ఎత్తి నిలబడింది, ఆమెకు అడ్డం ఎవరూ లేరు. నేను ఇవ్వలేదు. నేనే వేశాను. బంతి రింగుకు తగిలి బయటికొచ్చింది. ఓడిపోయాం.

తిరుగు బస్సులో సారు పల్లీల సంచి విప్పారు. అందరికీ ఇచ్చినట్టే నాకూ పల్లీలు ఇచ్చారు. అవి పక్క సీటు పిల్లకు ఇచ్చేశాను.

మర్నాడు బరిలోకి నన్నూ లీనానూ పిలిచారు. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి పట్టడానికి ఇద్దరు చేతులు పట్టుకుని గొలుసులా నిలబడతారు. మా ఇద్దరితో గొలుసు పట్టించి, గంటసేపు తానే కూతకు వచ్చారు. అరవైకి దగ్గర పడిన మనిషి. ఒక్కసారి కూడా పట్టలేకపోయాం, ఎందుకంటే నేను ఒక పక్కకు లాగితే ఆమె ఇంకో పక్కకు లాగేది. చివరికి అలిసిపోయి ఇద్దరం ఒకే వైపు పడ్డాం. సారు మా కింద పడ్డారు.

లేచి మట్టి దులుపుకుంటూ నన్ను అడిగారు. “నిన్న బంతి ఎందుకియ్యలే?”

“ఆమె వచ్చినంక మీరు నన్ను సూస్తలేరు సార్.”

“నిజమే. సూస్తలేను. నీకు వచ్చు కదా అనుకున్న. తప్పు నాదే,” అన్నారు. తర్వాత మెల్లగా అన్నారు. “కని గా పిల్లకు బంతి ఇచ్చేటోళ్లు ఎవరుండ్రు ఈ ఊర్ల, నువ్వు తప్ప?”

ఒక పెద్దమనిషి నా ముందు తప్పు ఒప్పుకోవడం నేను మొదటిసారి చూశాను. ఆ పై ఏడాది అదే సంగారెడ్డిలో గెలిచాం. ఎన్ని బంతులిచ్చానో లెక్కపెట్టలేదు.

వాళ్ల నాన్న పని అయిపోయి లీనా వెళ్లిపోయే రోజు సారు ఆమెకు ఒక్కటే చెప్పారు. “యాడికి పోయినా నడుము వంచకు. దర్వాజ కాడ తప్ప.”

వాళ్ల ఊళ్లో చిన్న క్లబ్బు ఉంటే అందులో చేరింది. పద్దెనిమిది నిండగానే పోలండ్‌లో ఒక జట్టు ఆమెను తీసుకుంది. మొదటి జీతం అందగానే నాకు ఫోన్ చేసి అరిచినంత పని చేసింది. నాలుగు నెలలు గడిచేసరికి ఆ గొంతే మారిపోయింది. కోచ్ ఆమెను బెంచీ మీదే కూర్చోబెడుతున్నాడు. గెలుపో ఓటమో తేలిపోయాక, ఆఖరి నాలుగు నిమిషాలు మాత్రం దించుతాడు. నెమ్మది మనిషివి అంటాడు. “మానేస్త. పండ్ల డాక్టర్ చదువుకు సీటొచ్చింది, పోత,” అంది.

అది ఆదివారం. కాసేపాగి చేయమని చెప్పి, షేర్ ఆటో ఎక్కి సంగారెడ్డి దగ్గరి కందికి పోయాను. రిటైరయ్యాక సారు అక్కడే సొంత ఊళ్లో ఉంటున్నారు. వాకిట్లో పాలకూర మడికి నీళ్లు పెడుతున్నారు. వీడియో కాల్ కలిపి ఫోన్ ఆయన ముందు పెట్టాను. ఆమె చెప్పిందంతా పైపు పట్టుకునే విన్నారు.

“ఎన్ని నిమిషాలు ఆడిస్తున్నరు?”

“నాలుగే సారూ.”

“కబడ్డీల ఒక కూతకు ఎంత సేపు?”

“ముప్పై సెకండ్లు.”

“మరి నాలుగు నిమిషాలంటె ఎనిమిది కూతలు బిడ్డా. ఎనిమిది మాట్ల లోపటికి పోవచ్చు. నువ్వు ఎన్నిమాట్ల పోయినవ్?”

ఆమె తల దించుకుంది. “ఒక్కసారి. ఎప్పుడన్న రెండు సార్లు.”

“మరి నాలుగు నిమిషాలు తక్కువైనయంటవేంది? ఎనిమిది మాట్ల పో. పోయినంక గూడ కూసోబెడితె, అప్పుడు పండ్లు పీకు. ముందు నా పండ్లే పీకుదువు, రెండు కదులుతున్నయి.”

ఫోన్‌లో ఆమె నవ్వుతోంది. పాలకూర మడి నిండి నీళ్లు నా చెప్పుల మీదికి వచ్చాయి.

తర్వాతి మ్యాచ్‌లో ఆమె ఏడు సార్లు రింగు కిందికి పోయింది. అందులో రెండు సార్లు బంతి లాక్కున్నారు. ఆ పై మ్యాచ్‌లో ఎనిమిది. ఇంకో మూడు వారాలకు జట్టులోని పెద్దామెకు మడమ బెణికితే, కోచ్ రెండో భాగమంతా లీనాను ఆడించాడు. ఆ వీడియో నాకు పంపింది. లీనా ఎదుటి ప్లేయర్ ముందు కుడికాలు జాపింది. ఆమె అటు దూకింది. ఈమె కాలు లాక్కుని ఎడమ పక్క నుంచి రింగు కిందికి దూరిపోయింది. వేలమంది లేచి నిలబడ్డారు. సారు అది నాలుగు సార్లు చూసి, “ఎడమ కాలు జెర లేటయింది,” అన్నారు. పక్కనే అమ్మ, అంటే సారు భార్య, పప్పు గిన్నె పట్టుకుని, “ఆయనకు నచ్చింది, లేకుంటె నాలుగు మాట్ల సూడడు,” అంది.

మరుసటి సీజన్‌లో ఆమె మొదటి అయిదుగురిలో ఉంది. అక్కడి పత్రికవాళ్లు ఈ అడుగు ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే “పటాన్‌చెరు” అని చెప్పిందట. వాళ్లు అది మనిషి పేరనుకుని, పటాన్‌చెరు అనే భారతీయ కోచ్ అని అచ్చేశారు. లీనా సిగ్గుపడుతూ ఆ కాగితం పంపింది. సారు కళ్లద్దాలు తుడుచుకుని చూశారు. “మంచి పేరే. మా నాయన పెట్టినదాని కంటె నయం,” అన్నారు.

శనివారం చర్చిలో ఆయన పెట్టె ముందు లీనా పంపిన మాటలు వినిపించాం. ఆదివారం ఆమెకు మ్యాచ్ ఉంది, రాలేకపోయింది. మైకులో గరగరమంటూ ఆ గొంతు వచ్చింది. “సారూ, ఓడిపోయిన దినం అన్నం ఎక్కువ తినాలె అని చెప్పినవ్ గద. ఇయ్యాల నేను రెండు పలేట్లు తిన్న. సాల్తలేదు.” కబడ్డీ నాటి ముసలి స్నేహితులు ముందు వరుసలో కండువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వారో ఏడ్చారో వాళ్లకే తెలియాలి.

మొన్న అమ్మను చూడటానికి కంది పోయాను. మజ్జిగ ఇచ్చి, “చేనుకాడికి పోదాం దా, పిట్టలు పడుతున్నయి,” అంది. హైవే పక్కనే వాళ్ల అరెకరం జొన్న. పాలకంకి మీద ఉంది. నడిమధ్యలో కర్ర చేతులు చాపి నిలబడిన దిష్టిబొమ్మకు, మోకాళ్ల దాకా వచ్చే ఆకుపచ్చ జెర్సీ తొడిగి ఉంది. లీనా సంతకం చేసి పంపినదట. నేను నోరు తెరిచి చూస్తుంటే అమ్మ చెప్పింది.

“అద్దం కట్టిచ్చి గోడకు పెడుదామంటె మీ సారు ఇనలే. ఇంట్ల ఎవరు సూస్తరు, ఈడనైతె బస్సులల్ల పోయేటోళ్లంత సూస్తరన్నడు.”

గాలి వచ్చి జెర్సీ ఉబ్బింది. రోడ్డు మీద పోతున్న బస్సు కిటికీలో నుంచి ఎవరో తల తిప్పి చూశారు. రెండు రామచిలుకలు వచ్చి, ఏ భయమూ లేకుండా, ఆ భుజాల మీద చెరో పక్క వాలాయి.