ట్రామ్‌లో వేసిన కుట్టు

మొన్న ఆదివారం నేను ఎవురి పెళ్ళిచూపుల్లో కూచోని బజ్జీలు తిన్నానో తెలుసా వదినా? నాకే తెలీదు! వాళ్ళ ఇంటిపేరు కూడా తెలీదు! కాఫీ తాగండి, చెప్తా. తాగతా నవ్వితే పొలమారతాది, మళ్ళా నన్ను అనొద్దు.

మా పెద్దమ్మాయి కూతురు కామాక్షి, ఆరేళ్ళది, సెలవులకని ఈడ పురసవాక్కంలో మా ఇంట్లోనే ఉండింది గదా. అది పొయ్యేటప్పుడు నా చేత్తో కుట్టిన గౌను తొడిగి పంపాలని నాకు పట్టుదల. టైలరు కుట్టిన గౌను అందరూ తొడుక్కుంటారు, అవ్వ కుట్టింది ఎంతమందికి దొరకతాది చెప్పండి? పసుప్పచ్చ పాప్లిన్ తెచ్చి బుట్టచేతులు, కుచ్చిళ్ళు, నడుముకి వెనకాల నాడాలు, అన్నీ పెట్టినా. ఆదివారం మధ్యాన్నం దాన్ని వాళ్ళమ్మ దగ్గర దింపేదానికి మైలాపూరు ట్రామెక్కినాము.

ట్రాము కదిలిందో లేదో, "అవ్వా, నా గౌను పెరగతా ఉండాది!" అనింది కామాక్షి.

చూస్తే ఏముంది! కింద అంచు మడత ఊడిపొయ్యి, గౌను కాళ్ళ మీదికి జారింది. ఆడ మా అమ్మాయి అత్తగారు ఉంటాది. ఆమె ముందర నా పరువేం గావాల? అదృష్టం, సంచిలో సూదీ దారం ఉండాయి. మామూలు దారం గాదు, బొంతలు కుట్టేది! దాన్ని రెండు పేటలు చేసి, పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకోని, గబగబా కుట్టేసినా. కళ్ళద్దాలా? పరువు పొయ్యేటప్పుడు కళ్ళద్దాలు ఎవురు ఎతుక్కుంటారు వదినా!

నా పక్కన ఒక తమిళావిడ కూచోని ఉంది. ఒళ్ళో పూలూ పళ్ళూ ఉండే బుట్ట. ఒంటి మీద మంచి పట్టుచీర. అదీ పసుప్పచ్చే, కొంగేమో మా మీదికే జారి ఉంది. ఇప్పుడర్థమైందా?

కండక్టరు "రాయపేట!" అని అరిచినాడు. ఆవిడ లేచింది. ఆవిడతోబాటు గౌను లేచింది. గౌనుతోబాటు నా మనవరాలు లేచింది!

"ఎన్నమ్మా ఇదు?" అని ఆవిడ కొంగు లాక్కోబోయింది.

"లాగొద్దమ్మా, లాగొద్దు! పట్టు చినిగిపోతాది!" అని నేనూ తమిళంలోనే మొత్తుకున్నా.

కత్తెర ఇంట్లో ఉండిపొయ్యింది. పంటితో కొరికినా. పన్ను కదిలింది గానీ దారం కదల్లా. వెనక సీట్లోంచి ఎవురో, "పిల్ల గౌను విప్పేస్తే సరిపోలా?" అన్నారు. కామాక్షి గౌనుని రెండు చేతులా పట్టేసుకోని, "నేను విప్పను! అందరూ చూస్తా ఉండారు!" అని శోకాలు మొదలుపెట్టింది. కండక్టరేమో, "దిగతారా, దిగరా?" అని గంట కొడతా ఉండాడు.

ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. "మా వాడికి పెళ్ళిచూపులమ్మా! పక్క వీధిలోనే. వాళ్ళ నాన్న, వాడు ముందే వచ్చి కూచోని ఉంటారు. రాహుకాలం రాకముందే నేను గుమ్మం తొక్కాల. ఇంకేం చేసేది, మీరూ రండి!"

దిగినాము. ఆవిడ ముందర, పిల్ల అడ్డంగా, బుట్ట పట్టుకోని నేను. ఆవిడ పెద్ద అడుగేస్తే పిల్ల కప్పలాగా గెంతతాది.

పెళ్ళికూతురి నాన్న గుమ్మంలోనే ఎదురొచ్చి నన్ను చూసి, "వీరెవరో మాకు తెలీలేదే?" అన్నాడు.

"మాకు దగ్గరవాళ్ళు," అనింది ఆవిడ.

"బాగా దగ్గరా?"

"బాగా దగ్గర," అనింది పళ్ళు కొరుక్కుంటా.

ముగ్గురం ఒకే చాప మీద ఇరుక్కోని కూచున్నాము. పెళ్ళికొడుకు తలెత్తకుండా చాపలో పుల్లలు లెక్కబెడతా ఉండాడు. తియ్యటి రవ్వసొజ్జీ, బజ్జీలూ వచ్చినాయి. నేను ఒద్దంటే అనుమానపడతారని తిన్నా. కామాక్షికి తినమని చెప్పే పనే లేకపొయ్యింది. పెళ్ళికూతురు వచ్చి, వంగి ఆవిడ కాళ్ళకి మొక్కింది. మొక్కిందా, ఇంక లేవదే! ముక్కు ముందరే నా కుట్టు! భుజాలు అదిరినాయి. ఆపుకోలేక పక్కున నవ్వేసింది.

వాళ్ళమ్మ మొహం తెల్లబారింది. నేను కొరికిన బజ్జీ మళ్ళా పళ్ళెంలో పెట్టేసినా. నా సూది మూలంగా ఒక ఆడపిల్ల సంబంధం చెడిందే, దేవుడా!

అప్పుడు పెళ్ళికొడుకు తలెత్తి ఆ అమ్మాయిని చూసినాడు, అమ్మ కొంగు చూసినాడు. వాడూ నవ్వినాడు! ఆ అమ్మాయి లోపలికి పొయ్యి బ్లేడు తెచ్చి, పట్టుకి గీత కూడా పడకుండా, ఒక్కొక్క పోగే కోసి మమ్మల్ని విడదీసింది. ఆవిడ కొంగు అటూ ఇటూ తిప్పి చూసుకోని, మొగుడి వైపు తిరిగి, "పిల్ల నాకు నచ్చింది," అనింది. పెళ్ళికొడుకుని అడగాల్సిన పనే లేదు, వాడు అప్పుటికే ఇంకో బజ్జీ అడగతా ఉండాడు.

కూతురింటికి పొయ్యేసరికి పొద్దు వాలింది. గౌను అంచు మళ్ళా కాళ్ళ మీద వేలాడతా ఉంది. నేను నోరు తెరిచేలోపలే కామాక్షి వాళ్ళ నాన్నకి మొత్తం చెప్పేసింది. మా అమ్మాయి అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకోని లోపలికి పరిగెత్తింది. సరే, పొయ్యిన పరువు ఎట్టాగూ పొయ్యింది, పనన్నా చూద్దామని కామాక్షి తమ్ముణ్ణి పిలిచినా. "రారా కన్నా, నీకూ ఒక చొక్కా కుడతా. కొలత తీసుకుందాం."

వాడు మంచం కిందికి దూరినాడు వదినా! ఎంత బతిమాలినా బయటికి రాడే!

"నాకొద్దవ్వా!" అని ఆడనించే అరిచినాడు. "నన్ను కూడా ఎవురికన్నా కుట్టేస్తావు!"