మా అత్తమ్మ దేవుడితో పెట్టిన పంచాయితీ

మెడలో గడ్డ తీయించుకోవడానికి సూర్యాపేట దవాఖానలో చేరినప్పుడు నా భయమంతా కుట్ల గురించే. మచ్చ కనబడకుండా ఏ నెక్లెస్ వేసుకోవాలో కూడా ముందే ఆలోచించి పెట్టుకున్నాను. ఆపరేషన్ బాగానే అయింది. గొంతు మాత్రం పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. గొంతుకు పోయే నరం కందిందనీ, మాట మెల్లగా రావచ్చు, రాకపోనూ వచ్చనీ డాక్టరు చెప్పారు.

మిర్యాలగూడలో మా చర్చిలో పాట ఎత్తుకునేది నేనే. హిందువుల ఇంటికి కోడలిగా వచ్చినా ఆదివారం మైకును మాత్రం ఇంకొకరికి వదల్లేదు. నేను పై స్వరం అందుకుంటే కీబోర్డు వాయించే అన్న నన్ను వెతుక్కుంటూ వెనక వచ్చేవాడు. అందుకే బాధకన్నా ముందు కోపం వచ్చింది, అదీ దేవుడి మీద. ‘పాడింది నీ కోసమే కదా. వద్దనుకున్నది నువ్వే. ఇక నాతో నీకేం పని?’ అని అలిగి ప్రార్థన మానేశాను. చర్చికి మాత్రం వెళ్లేదాన్ని. వెళ్లకపోతే సంఘమంతా ఓదార్చడానికి ఇంటికొస్తుంది, అందరికీ చాయ్ పెట్టాలి. అందుకని వెళ్లి, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చుని, నా అలక దేవుడికి బాగా కనబడేలా మూతి ముడుచుకునేదాన్ని.

మా అత్తమ్మ మొదట్లో సంబరపడినట్టే కనిపించింది. పెద్దవూర పక్క పల్లెలో పుట్టిన మనిషి. ఆమె ఒక మాటంటే నేను రెండు అనేదాన్ని. ఇప్పుడా రెండూ లేవు. “ఇన్నేండ్లకు మా ఇల్లు సల్లగున్నది” అని పక్కింటామెతో నాకు వినబడేలా చెప్పింది. ఆమెకు చదువు రాదు కాబట్టి ఫోన్లో రాసి చూపించినా లాభం లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని సైగ చేస్తే, “మంచిగున్నదా? జర ఏసుకో” అని ఇంకో గరిటె వడ్డించేది.

అలా కొన్ని వారాలు గడిచాక ఒక పొద్దున నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

“ఏం పిల్లా, పొద్దుగాల మోకాళ్ల మీద కూసుంటలేవు? నీ దేవునితోని కొట్లాట పెట్టుకున్నవా?”

తల ఊపాను.

“తప్పెవలది?”

వేలు పైకి చూపించాను. ఆమె కూడా పైకి, ఫ్యాను వంక చూసింది.

“ఒక్కల మాట ఇని తీర్పు చెప్పొద్దు. ఐతారం నేనొస్త” అంది.

అప్పటిదాకా ఆమె చర్చి గడప తొక్కలేదు. ఆ ఆదివారం నుదుట పెద్ద బొట్టు పెట్టి, పెళ్లిళ్లకు కట్టే చీర కట్టి, సంచిలో కొబ్బరికాయ వేసుకుంది. వద్దని రెండు చేతులూ ఊపాను. “పెద్దమనిషి ఇంటికి ఒట్టి చేతులతోని పోతరా?” అంటూ నాకంటే ముందే ఆటో ఎక్కింది. చర్చిలో నా పక్కన కూడా కూర్చోలేదు. “గింత ఎనక కూసుంటే ఆయనకేం ఇనవడ్తది?” అని నేరుగా ముందు వరసకు నడిచింది.

మా పాస్టరు గారిది కోదాడ. మెత్తటి మనిషి. పాటలయ్యాక, “దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అండీ?” అని అడిగారు. మా అత్తమ్మకు తెలిసిన సాక్ష్యం ఊళ్లో పంచాయితీల్లో చెప్పేదే. చప్పున లేచి, కొబ్బరికాయ ఆయన బల్ల మీద పెట్టి, “నేన్ చెప్త” అని మైకు అందుకుని, గోడ మీది సిలువ వైపు తిరిగింది. నేను కొంగులో ముఖం దాచుకున్నాను.

“అయ్యా, నువ్వెవలో నాకు తెల్వదు. నేనెవలో నీకెరికనే ఉంటది. అగో, గా ఎనక కూసున్నది నా కోడలు. దాని నోరు మంచిది కాదు. నాతోని దినాం కొట్లాడ్తది. గని నీ పాట పాడుతుంటే నేను పొయ్యి బందువెట్టి ఇంటుంటి. దానికి చెప్పలే, చెప్తే ఇంక ఎగురుతది.”

“ఆమెన్” అన్నారెవరో.

“ఆగుండ్రి, ఇంక అయిపోలే. గొంతు ఇస్తవో ఇయ్యవో నీ ఇష్టం. ఇప్పుడది నీతోని మాట్లాడ్తలేదు, నీ మీద అలిగింది. పోరలు అలుగుతే పెద్దోళ్లే పోయి పిలుస్తరు గద! పెద్దోనివి, నువ్వే ముందు మాట్లాడు. మాట్లాడకుంటే అది తిండి కూడ సక్కగ తింటలేదు.”

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. మాడిపోయిన గిన్నెను గీకినట్టు ఒక వికారమైన చప్పుడు నా గొంతులోంచి బయటపడింది. ఆపరేషన్ తర్వాత నేను విన్న నా మొదటి శబ్దం అదే. అందరూ వెనక్కి తిరిగారు.

“అగో, పలికిండు!” అని అత్తమ్మ మైకులోనే అరిచింది.

అప్పుడు ఏడ్చాను. నేను పాడినందుకు ఆయన నన్ను ప్రేమించాడనుకున్నాను ఇన్నాళ్లూ. పాట లేని నన్ను వెతుక్కుంటూ ఆయన వచ్చాడనీ, అదీ మా అత్తమ్మ నోటితో వచ్చాడనీ ఆ క్షణంలో అనిపించింది. ఆ నోటిని ఆయన ఎలా ఎంచుకున్నాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే. పాస్టరు గారు కొబ్బరికాయను రెండు చేతులా తీసుకుని, కళ్లు తుడుచుకుని, “ఇంతకన్నా నేనేం ప్రార్థన చేస్తానండీ” అని కూర్చుండిపోయారు.

మాట మెల్లమెల్లగా తిరిగొచ్చింది. పాత గొంతు మాత్రం కాదు. బొంగురుగా, లావుగా ఉంది. ఇప్పుడు మగవాళ్ల మైకు దగ్గర నిలబడి వాళ్ల స్వరంలో పాడుతున్నాను. పై స్వరం ఇంటర్ చదివే ఒక పిల్ల అందుకుంటోంది, నాకంటే బాగా. మొదట్లో ఆ మాట ఒప్పుకోవడానికి కూడా ప్రార్థన చేయాల్సి వచ్చింది.

నరం దానంతటదే బాగుపడిందని సూర్యాపేట డాక్టరు చెప్పారు. ఆ సంగతి అత్తమ్మకు చెబితే, “ఆ నరానికి చెప్పిందెవలు?” అంది. నేను డాక్టరుతోనూ వాదించలేదు, ఆమెతోనూ వాదించలేదు. బొట్టు తుడవకుండా, తన దేవుళ్లను వదలకుండా, వీలైన ఆదివారాలు ఆమె నాతో చర్చికి వస్తోంది. పాస్టరు గారు సాక్ష్యం అడగబోయే ముందు ఇప్పుడు ఒకసారి ముందు వరస వైపు చూసుకుంటున్నారు.