బండి ముందు బండెడు జాగా

మా చిన్నాయన సోమవారం పొద్దున పోయాడు. ఎడ్లకు మేత వేసి మంచం మీద నడుం వాల్చాడట, మళ్లీ లేవలేదు. కబురు వినగానే ఏడ్చాను. మంచాన పడి తీసుకుని తీసుకుని పోలేదు కదా అని ఊపిరి కూడా పీల్చుకున్నాను.

పరకాల నుంచి వరంగల్‌కు పత్తి బండి తోలడమే ఆయన బతుకు. నాకు పగ్గాలు పట్టడం నేర్పింది ఆయనే. ముందు బండికీ తన బండికీ మధ్య ఎప్పుడూ ఇంకో బండి పట్టేంత జాగా వదిలేవాడు. రైలు గేటు పడిందంటే మేమంతా రోడ్డు నిండా పరుచుకునేవాళ్లం. అవతలివాళ్లూ అంతే. గేటు లేచాక ఎవరికీ దారి ఉండేది కాదు, తిట్లే తిట్లు. చిన్నాయన మాత్రం ఎడమ పక్కనే నిలబడి చుట్ట కాల్చుకునేవాడు.

"ముసలాయన బండి తోల్తాండా, నిద్రపోతాండా?" అని వెనకవాళ్లు వెక్కిరిస్తే నేనూ నవ్వినవాణ్ణే.

"ఎదుటోడు రాకుంటే నువ్వెట్ల పోతవ్‌రా?" అనేవాడు.

యుద్ధం రోజులవి. గూడ్సు రైళ్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటే గేటు ఎంతకీ లేచేది కాదు. ఒకనాటి మధ్యాహ్నం నా భార్యకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, దవాఖానకు తీసుకుపొమ్మంది మంత్రసాని. పోతే గేటు పడి ఉంది. వరుసలో నిలబడే ఓపిక నాకెక్కడిది? బండిని కుడి పక్కకు లాగి, అందరినీ దాటి గేటు దాకా తోలాను. గేటు లేచింది. అవతల నాలాంటి వాళ్లే, రోడ్డు నిండా. నేను కదలలేను, వాళ్లు కదలలేరు. బండిలో ఆమె పళ్లు బిగపట్టి మూలుగుతోంది.

"అరేయ్, గిటు రా!"

చిన్నాయన గొంతు. వరుసలో రెండో బండి ఆయనదే. దాని ముందు ఆ జాగా అట్లాగే ఉంది.

"పానం పోయేటట్టున్నది చిన్నాయనా!" అన్నాను.

"ఫికర్ చెయ్యకు. జర వెనక్కొచ్చి నా ముందల నిలబడు. వాళ్లను రానియ్యి, మనకు తొవ్వ దొరుకుతది."

దిగొచ్చి నా ఎడ్లను తానే పట్టి వెనక్కి నడిపించి ఆ సందులో పెట్టాడు. ఖాళీ అయిన పక్క నుంచి అవతలి బండ్లు వచ్చేశాయి. కాసేపట్లో మేమూ పట్టాలు దాటాం. దవాఖానలో ఆడపిల్ల పుట్టింది, తల్లీ బతికింది. గుమ్మంలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను, గుండెల మీది బరువంతా దిగిపోయినట్టయింది.

సాయంత్రం చిన్నాయన వచ్చాడు. "ఎడ్లకు నీళ్లు పెట్టినవా?" అన్నాడంతే.

నిన్న ఆయన బండిని మా ఇంటికి తోలుకొస్తుంటే గేటు పడింది. ఎడమ పక్కన, జాగా వదిలి ఆపాను.

"జరుగవయ్యా! గంత జాగా ఎవలికి?" వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఎవలికి నాయినా?" పక్కన కూర్చున్న నా బిడ్డ, ఆనాడు పుట్టిన పిల్లే, తనూ అడిగింది.

"నీకే బిడ్డా," అన్నాను.

దానికేం అర్థమైందో, పగ్గాల మీద నా చేతి పక్కన తన చెయ్యి పెట్టింది. గేటు లేచింది. అవతలి బండ్లు ఒక్కొక్కటే మమ్మల్ని దాటి పోతున్నాయి.