నాలుగో పాదం

మా పక్క క్వార్టర్లో ఉండే గార్డు మావయ్య ఏ పాట విన్నా బొటనవేలితో వేళ్ల కణుపుల మీద మాత్రలు లెక్కపెట్టేవాడు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఛందస్సు తెలిసినవాడు ఆయనొక్కడే. అందుకే గుడ్ ఫ్రైడేకి తను రాసిన పాట దిద్దమని అమ్మ ఆయన్నే అడిగింది. మేము క్రైస్తవులం, ఆయన కాదు. అయినా డ్యూటీ దిగి సరాసరి మా ఇంటికే వచ్చాడు.

"మాత్రలు బాగున్నాయి చెల్లెమ్మా. సిలువ, విలువ, కలత. మూడు పాదాల్లోనూ రెండో అక్షరం ‘ల’ పడింది. నాలుగోది ‘కొడుకా’ అని ఎత్తుకున్నావేటి? ప్రాస పోయింది. ఆ మాట మార్చెయ్."

"అది మరియమ్మ మాట అన్నయ్యా. సిలువ కింద నిలబడి ఆవిడ ఇంకేటంటాది?"

అంతకుముందు చలికాలంలోనే మా తమ్ముడు జ్వరంతో పోయాడు. వాణ్ణి ఆస్పత్రికి ఎత్తుకుని పరిగెత్తింది మావయ్యే.

ఆయన కాగితం మడిచి అమ్మ చేతిలో పెట్టాడు. "అచ్ఛా, ఉండనీ. తప్పని ఎవులైనా అంటే నాతో సెప్పమను."

గుడ్ ఫ్రైడేనాడు చర్చిలో అమ్మే పాడింది. నాలుగో పాదం దగ్గర ఆగిపోయింది. అందరూ తలలు వంచుకున్నారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డ మావయ్య, ‘కొడుకా’ అని అందుకుని ఆ పాదం పూర్తి చేశాడు.