పన్నెండు అనే మనిషి

టోలర్ గ్యాప్ ట్రాకులో కారు పందేలు చూసేవాళ్లకు ఒక పాడలవాటు ఉండేది. ఒకరి పేరు ఒకరు అడగరు. ఎవరు ఏ కారు అభిమాని అయితే ఆ కారు నంబరే వాళ్ల పేరు. వెల్డా పన్నెండు. పక్క సీటు ముసలాయన డెబ్బై ఒకటి. ఏటా అవే సీట్లు, నాలుగో మలుపు మీద. అరిగిన టైర్ల రబ్బరు తునకలు ఎగిరొచ్చి ఉడకబెట్టిన పల్లీల సంచిలో పడేవి. అయినా ఊదుకుని తినేవాళ్లు.

భర్త పోయిన ఏడాది వెల్డా ఒక్కతే వచ్చింది. డ్రైవర్ల రేడియో మాటలు వినే పెట్టెకు అలవాటుకొద్దీ రెండు హెడ్‌ఫోన్లూ తగిలించి, రెండోది ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డెబ్బై ఒకటి చెయ్యి చాపాడు.

“అదిటివ్వు పన్నెండూ. మీ డ్రైవరు గోడకు గుద్దుకుని ఎవర్ని తిడతాడో నేనూ వింటా.”

భర్త పోయాక ఆమె నవ్వింది అప్పుడే. ఆనాటినుంచీ రెండో హెడ్‌ఫోను ఆయనదే. ఏడాదికి ఒక్కరోజు స్నేహం. మిగతా ఏడంతా ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే.

తర్వాత ట్రాకును పెద్ద కంపెనీ కొన్నది. నాలుగో మలుపు బల్లలన్నీ పీకించి అద్దాల గదులు కట్టించింది. అందులో చల్లగా రొయ్యలు తింటూ, పందేనికి వీపు తిప్పి వ్యాపారం మాట్లాడుకునే దొరలు కూర్చుంటారు. తక్కినవాళ్లు టికెట్టు ఫోన్లో కొనుక్కుని, ఎక్కడ పడేస్తే అక్కడ కూర్చోవాలి. ఎవరు డబ్బిస్తే వాళ్ల రంగు పూస్తారు కాబట్టి కార్లు కూడా వారానికో వేషంలో వస్తున్నాయి. వెల్డా టోపీ రంగు ఇప్పుడు ఏ కారుకూ లేదు.

ఈ ఏడు ఆమె పందెం కోసం రాలేదు. డెబ్బై ఒకటి కనిపిస్తాడేమోనని పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడింది. కాపలా మనిషి చూసి చూసి దగ్గరకొచ్చాడు.

“ఎవరి కోసమమ్మా?”

“డెబ్బై ఒకటి.”

“ఆ టీము అమ్మేశారు కదండీ. ఆ కారు రావట్లేదు.”

“కారు కాదయ్యా, మనిషి.”

“పేరేంటి?”

ఆయనకు ఉల్లిపాయ పడదని వెల్డాకు తెలుసు. కూతురితో మాటల్లేవని తెలుసు. పేరు మాత్రం తెలియదు. ఇన్నేళ్లూ అడగనందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

“పోనీ ఒక అట్ట మీద మీ పేరు రాసి పట్టుకోండి. ఆయనే చూసి వస్తాడు,” అన్నాడతను, పెన్నిస్తూ.

“నా పేరు ఆయనకు మాత్రం ఏం తెలుసు?”

చివరికి అట్ట మీద లావుగా 12 అని రాసి గుండెలకు ఆనించుకుంది. లోపల ఇంజన్ల మోత మొదలైంది. జనం చూడకుండానే పోతున్నారు. ఒక పడుచు జంట మాత్రం ఆగింది.

“పన్నెండు డాలర్లా? ఏం అమ్ముతున్నారండీ?” అంది ఆ అమ్మాయి.

“అమ్మకానికి కాదమ్మా,” అంది వెల్డా. “అది నేను.”

ఆ అమ్మాయి సరేనన్నట్టు తలూపి, మొగుడి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.