గిన్నెలోని పొడుగు స్క్రూ

దామరచర్ల పక్క తండాల పుట్టిన జీవన్‌కు తన చేతి మీద తనకున్నంత గర్వం ఇంకెవలికీ ఉండదు. సూర్యాపేట బస్టాండు వెనుక సందుల ఒక్క షట్టరు దుకాణం, ఎనిమిదేండ్ల పేరు. చచ్చిన ల్యాప్‌టాప్ తెచ్చినోళ్లకు చాయ్ తాగేలోపు రోగం చెప్తడని జనం అంటరు. గా పేరే ఆయనను తిన్నది.

పని నేర్చింది కోదాడల, ఉషారాణి దగ్గర. ఆమెకు ఒక్కటే చాదస్తం. విప్పేముందు అట్టముక్క మీద ల్యాప్‌టాప్ బొమ్మ గియ్యాలె, తీసిన ప్రతి స్క్రూ బొమ్మల దాని జాగలనే గుచ్చాలె. స్క్రూలన్నీ ఒక్క పొడుగు కావని, జాగ మారితే బోర్డును పొడుస్తయని ఆమె మూడేండ్లు చెవుల ఇల్లు కట్టుకొని చెప్పింది. సొంత దుకాణం తెరిసిన నాడే జీవన్ అట్టముక్కలకు దండం పెట్టిండు. ఒక స్టీలు గిన్నె పెట్టుకున్నడు, అందరి స్క్రూలు దాంట్లనే. చేతికి ఏది దొరికితే అది బిగిచ్చుడే.

చలికాలంల కరుణ అనే టీచరమ్మ మునగాల నుంచి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఫ్యాన్ల దుమ్ము తీసి, బిగించి ఇచ్చిండు. ఇరవై రోజులకు అది ఖతమైంది, చార్జరు పెట్టినా దీపం వెలగదు. ఈసారి తల్లి శాంతమ్మను వెంటబెట్టుకొని వచ్చింది. జీవన్ మీటరు పెట్టిండు, కుయ్యిమన్నది. కరెంటు లోపల్నే షార్టు అయితున్నదన్నమాట. షార్టు ఏడ ఉన్నదో వెతకాలంటే గంట పని. ఆ గంట ఆయనకు బరువైంది. నీళ్లు గిట్ల పడ్డయా అని అడిగిండు.

పాపం శాంతమ్మ నిజం చెప్పే మనిషి. దుమ్ము ఉన్నదని ఒక్కసారి తడిబట్టతో తుడిచిన్నని చెప్పింది. అంతే, జీవన్‌కు దారి దొరికింది. "నీళ్లు లోపలికి దిగినయమ్మా. బోర్డు పోయింది" అన్నడు. దుకాణంల నలుగురున్నరు. ముసలామె తన చేతుల దిక్కు సూసుకొని కొంగు కింద దాసుకున్నది. కరుణ తల్లి దిక్కు సూడలేదు. పనికొచ్చే పార్టులుంటే తీసుకొమ్మని, ల్యాప్‌టాప్ ఆడనే వదిలి పోయింది.

నెల దాటినంక ఒక మధ్యాహ్నం గిరాకీ లేక, పార్టులు తీద్దామని దాన్ని విప్పిండు. లోపల నీటి మరక ఒక్కటి లేదు. బోర్డు కొత్త పెండ్లికూతురు లెక్క మెరుస్తున్నది. మీటరు పెట్టి ఒక్కొక్క స్క్రూ తీసుకుంట పోయిండు. కుయ్యి, కుయ్యి, కుయ్యి. మూలనున్నది తీయంగనే మీటరు మూగబోయింది.

ఆ స్క్రూను అరచేతుల పెట్టుకొని సూసిండు. పక్కదాని కంటే బియ్యపుగింజంత పొడుగు. ఇంకో కంపెనీది, ఆయన గిన్నెలది. ఆ ఇరవై రోజులు మూత తీసి వేసే అదురుకు బోర్డు మీది పచ్చపొరను కొద్దికొద్దిగా అరగదీసి, కరెంటు దారిని తాకింది. పొట్టి స్క్రూ వేసి చార్జరు పెట్టిండు. దీపం వెలిగింది. ఇంకో దుకాణపోడైతే సంబరపడేటోడు. జీవన్‌కు తల కొట్టేసినట్టయింది.

తెల్లారి ల్యాప్‌టాప్ పట్టుకొని మునగాల బస్సుల కూసొని దారి పొడుగునా అబద్ధమే అల్లుకున్నడు. నీళ్లు ఆరినయ్, నేను రెండు దినాలు కష్టపడి బతికిచ్చిన అని చెప్తే సరి. పేరు నిలుస్తది, వాళ్లకు వస్తువు దక్కుతది. ఎవలికేం నష్టం?

టీచరమ్మ ఇల్లు అడుక్కుంట పోతే శాంతమ్మ ఒక్కతే ఉన్నది. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి వెలిగించి సూపెడితే ఆమె నాలుగడుగుల దూరంల నిలబడ్డది, దగ్గరికి రాలేదు. ఇప్పుడు ఇంట్ల కరెంటు వస్తువు దేన్నీ ముట్టుకుంటలేదట. బిడ్డ ఫోను చేసినా పక్కింటామెను పిలిచి ఎత్తిపిస్తదట. ఇవన్నీ నవ్వుకుంట చెప్పింది. చెప్పి, "నేను చంపిందాన్ని నువ్వు బతికిచ్చినవ్. ప్రభువు నీ చేతులను దీవించాలె బిడ్డా" అని రెండు చేతులెత్తింది.

అల్లుకున్న అబద్ధం ఇంక చెప్పబుద్ధి కాలేదు. భూమి చీలితే బాగుండనిపించింది. జేబుల నుంచి స్క్రూ తీసి ఆమె అరచేతుల పెట్టిండు.

"నీళ్లు కాదమ్మా. నీ బట్ట కాదు. ఇది నాది. నేనే తప్పు జాగల బిగించిన."

ఆమె దాన్ని అటుఇటు తిప్పి సూసింది.

"గా రోజు లోపల సూసినవా నాయనా? సూడకుండనే అన్నవా?"

"సూడలేదమ్మా."

తిడితే బాగుండు. తిట్టలేదు. కుర్చీ జరిపి కూసొమ్మన్నది. "నెల రోజులైంది, నా బిడ్డ నాతోని సరిగ్గ మాట్లాడక. నేను చెప్తే తల్లి సాకు చెప్తున్నదనుకుంటది. నాలుగున్నరకు బడి నుంచి వస్తది. అప్పటిదాంక ఉండి నువ్వే చెప్పు" అన్నది.

అప్పుడు టైము రెండు. జీవన్ కూసున్నడు. శాంతమ్మ అన్నం పెట్టింది, తిన్నడో లేదో ఆయనకే తెల్వదు. స్క్రూ మాత్రం ఆమె తిరిగి ఇయ్యలేదు, పిడికిట్లనే పట్టుకున్నది. వాకిట్ల స్కూటీ ఆగిన చప్పుడుకు జీవన్ లేచి నిలబడ్డడు. శాంతమ్మ బల్ల దగ్గరికి పోయి, ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి, బిడ్డ కోసం సూసింది.