డ్రాయింగు సారు చూడాలనుకున్న ఈలబాతులు

పక్కింటి డ్రాయింగు సారు పోయారు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నేను పాలు పొయ్యి మీద పెడుతుంటే, సారు భార్య, నేను పిన్నిగారూ అని పిలిచే ఆవిడ, గోడ అవతల నిలబడి "బిడ్డా, సారు లేస్తలేడు. జర రా" అన్నారు. గోడ దూకినంత పని చేసి వెళ్ళాను. నిద్రలోనే పోయారు. కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నారు.

మేము 1956లో నాంపల్లికి వచ్చాం. రాజధాని కర్నూలు నుంచి కదిలితే దాంతోపాటు మావారి గుమాస్తా కుర్చీ కదిలింది, దాని వెనక నేనూ కదిలాను. పుట్టింది కొల్లేటి గట్టున. ఇక్కడ కూరగాయల బండివాడితో బేరమాడటం కూడా చేతగాక మొదటి నెలంతా ఏడ్చాను. అప్పుడు సారు జేబులోంచి సుద్దముక్క తీసి మా గోడ మీద ఊరు గీశారు. "గీడ మనం. గిట్ల పోతే ఆబిడ్స్, గట్ల దిగితే సుల్తాన్ బజార్. గౌలిగూడల బస్సు దొరుకుతది. తప్పిపోతే ఫికర్ చెయ్యకు, నాంపల్లి టేసన్ యాడ అని అడుగు." వాన వస్తే ఆ ఊరు కొట్టుకుపోయేది. ఆయన మళ్ళీ గీసేవారు. నేను దారులన్నీ నేర్చుకున్నాక కూడా గీస్తూనే ఉన్నారు, నేనూ వద్దనలేదు.

ఆబిడ్స్‌లో ఒక బడిలో డ్రాయింగు చెప్పేవారు. సాయంత్రం షేర్వాణీ విప్పకుండానే చాయ్ సాసర్లో పోసుకుని, వాళ్ళ పెరట్లో గోడ పక్కనున్న ముసలి మామిడి కింద నిలబడేవారు. ఆ చెట్టు తొర్రలో వానాకాలం ఈలబాతులు గుడ్లు పెట్టేవి. బాతు చెట్టెక్కడమేమిటని నేను నవ్వాను. బాతుల గురించి నాకా చెప్పేది! మా పుట్టింట్లో అవి కాళ్ళకడ్డం పడుతూ తిరిగేవి.

"గవి ఇంటి బాతులు బిడ్డా. గివి జంగ్లీ" అని గోడ మీద బొమ్మ గీసి చెప్పేవారు. ఇటుక రంగు ఒళ్ళు, పొడుగు మెడ. ఆడదీ మగదీ ఒక్క తీరే. ఏది ఏదో ఆయనకే తెలిసేది కాదు. రెండూ వంతులేసుకుని పొదుగుతాయి. పగలు నీళ్ళ ఒడ్డున కునుకు తీసి, పొద్దు వాలాక మేతకు లేస్తాయి. నోటితో ఈల వేయడమే కాదు, ఎగిరితే రెక్కలు కూడా ఈల వేస్తాయి. "పిల్లలు గుడ్డు పగిలిన తెల్లారే గంత మీదికెల్లి దుంకుతయంట. మా నాయిన చూసిండు. నేను బడికి పోయినంకనే దుంకుతయి, నా నసీబు!" అనేవారు. బడిపంతులు కబుర్లులే అనుకున్నాను. నమ్మితేగా!

ఒక ఏడు, ఆయన బడికి వెళ్ళిన గంటకు, చెట్టు కింద టప్‌మని ఏదో పడింది. చూస్తే నలుపూ తెలుపూ బాతుపిల్ల. వెనకే ఇంకొకటి. అయ్యో, పడిపోతున్నాయని నా ప్రాణం కొట్టుకుంది. మావైపు బాతు గుడ్లు పెడుతుందే గాని పొదగదు; కోడి కింద పెట్టి పిల్లల్ని చేయిస్తాం. బాతు తల్లిని నమ్ముకుంటే పిల్ల మిగలదని మా అమ్మ మాట. అంచేత గోడ దాటి అన్నిటినీ ఏరి, గంప కింద మూసి, తవుడు కలిపి పెట్టాను. గోడ మీద రెండు పెద్ద బాతులు ఈలలతో గోల పెడుతుంటే చీపురు పుచ్చుకుని తరిమాను కూడా. ఎంత తెలివి నాది!

సాయంత్రం సారు రాగానే గర్వంగా చూపించాను. ఆయన మొహం పాలిపోయింది. "ఏంది బిడ్డా, గిట్ల చేసినవ్? గవి పడలేదు, దుంకినయి. తల్లి పిలిస్తె దుంకినయి." అరవలేదు. గంపను తిరగేసి పిల్లల్ని అందులో పెట్టుకుని, ఆ బాతులు పగలు వాలే బాగేఆమ్ తోట కొలను దాకా దాదాపు పరుగెత్తారు. వెనక నేను. నీటి అంచున గంప వంచి దూరంగా కూర్చున్నాం. చీకటి పడబోతుండగా గడ్డిలోంచి ఈల వినిపించింది. పిల్లలన్నీ అటు ఈదుకుపోయాయి, ఒకటి తప్ప. అది గంపలోనే చల్లబడి ఉంది. నేను బావురుమన్నాను. సారు దాన్ని రుమాల్లో చుట్టారు. "నువ్వు పానం కాపాడాలనే ముట్టినవ్, నాకు ఎరుకే. కానీ చూసుడు వేరే, ముట్టుడు వేరే బిడ్డా" అన్నారు. ఇంకొకరైతే మరునాడే గోడ ఎత్తు పెంచి ఉండేవారు. ఆయన మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు. ఆ మంచితనానికి ఈ జన్మలో దణ్ణం పెట్టడం తప్ప నేనేం చేయగలను!

మరుసటి ఏడు బాతులు రాలేదు. ఆపై ఏడూ రాలేదు. వానలు మొదలైతే నా గుండెల్లో రాయి పడేది. "వాటికి వేరే కిరాయి ఇల్లు దొరికినట్టున్నది" అని సారు నన్ను నవ్వించబోయేవారు. రిటైరయ్యారు. ఇక పొద్దున్నా ఇంట్లోనే ఉంటారు, చూడాలంటే చూడవచ్చు, కానీ బాతులేవీ? పిల్లలు దూకడం ఆయన చూడలేకపోయింది నా వల్లనే.

ఈ ఏడు వానలకు, సారు మంచం పట్టాక, అవి వచ్చాయి. నేనే మొదట చూసి పరుగెత్తాను. మంచం కిటికీ దగ్గరికి జరిపాం.

"రెండు వచ్చినయా?"

"వచ్చాయి సార్."

"ఔ" అని తొర్ర వైపే చూస్తూ ఉన్నారు. తర్వాత, "నేనుంటనో లేనో, నువ్వు చూడు బిడ్డా. ఉత్తగ చూడు" అన్నారు. పోయే ముందురోజు దాకా అవి వంతులు మారడం చూస్తూనే ఉన్నారు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవారికి ఇష్టమైనవి వండి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. సారు రోజూ నిలబడే చోటని, పిన్నిగారి తమ్ముడు విస్తరి ఆ మామిడి కిందే పెట్టి కాకుల్ని పిలవడం మొదలుపెట్టాడు. నేను పైకి చూశాను. తొర్ర అంచున చిన్న తల ఒకటి కనిపించింది. కాకి కంటపడితే బాతుపిల్ల బతుకుతుందా?

"ఆపండి! కాకుల్ని ఇక్కడికి పిలవకండి, పిల్లలు దూకబోతున్నాయి!" అని అరిచాను.

"నువ్వెవరమ్మా చెప్పనీకి? మా బావకు ముద్ద పెట్టొద్దా?" అని ఆయన గయ్యిమన్నాడు. చుట్టాలంతా నన్నే చూశారు. నిజమే, నేనెవరిని? పొరుగింటిదాన్ని, పైగా ఒకసారి చెడగొట్టినదాన్ని.

పిన్నిగారు లేచారు. "విస్తరి తీస్కపొయ్యి ముంగట గల్లీల పెట్టున్రి. ఈడికి కాకులొస్తె ఆయన ముద్ద ముట్టడు" అన్నారు.

అందరూ అటు వెళ్ళారు. పెరట్లో మేమిద్దరమే మిగిలాం. తల్లో తండ్రో, ఒక బాతు నేల మీదికి దిగి సన్నగా ఈల వేసింది. మొదటి పిల్ల అంచుకు వచ్చి, కాసేపు తటపటాయించి, దూకింది. తడి ఆకుల మీద పడి, ఒళ్ళు విదిలించుకుని లేచి నడిచింది. నా చేతులు వాటంతటవే ముందుకు లేచాయి. పిన్నిగారు వాటిని గట్టిగా పట్టుకున్నారు. రెండోది దూకింది. గల్లీలోంచి "ముట్టింది! ముట్టింది!" అని కేకలు వినిపించాయి. మేము తల తిప్పలేదు.